మిస్టరీ నవలను రెండుసార్లు చదవండి: కథ చెప్పే పద్ధతులు నేర్చుకోవడానికి సమగ్ర మార్గదర్శి

మంచి నవల చదివి పక్కన పెట్టాక, అది ఎందుకు బాగుందో చెప్పమంటే చాలామంది తడుముకుంటారు. పాత్రలు బాగున్నాయనో, ఆపకుండా చదివించిందనో అంటారు తప్ప రచయిత ఎక్కడ ఏం చేశాడో వేలుపెట్టి చూపించలేరు. మిస్టరీ నవలతో ఈ ఇబ్బంది చాలావరకు ఉండదు. చివరి అధ్యాయంలో రచయితే డిటెక్టివ్ నోటితో మొత్తం లెక్క అప్పజెబుతాడు: ఫలానా క్లూ ఫలానా చోట పెట్టాను, మీ కళ్లముందే ఉంది, మీరే గమనించలేదు. కావాలంటే వెనక్కి వెళ్లి సరిచూసుకోవచ్చు. ఏ సంగతి ఎప్పుడు చెప్పాలి, ఎంతవరకు చెప్పాలి, ఎవరి నోట చెప్పించాలి అన్నది ఏ కథకైనా తప్పని పనే. అది ఇంత బాహాటంగా కనిపించేది మాత్రం క్రైమ్, మిస్టరీ నవలల్లోనే అని నా అభిప్రాయం.

కాబట్టి ఇక్కడ చెప్పబోయే పద్ధతి ప్రధానంగా ఒక్కటే. ఒకే నవలను రెండుసార్లు చదవాలి. మొదటిసారి మోసపోవడానికి, రెండోసారి ఆ మోసం ఎలా జరిగిందో పట్టుకోవడానికి. పది నవలలు ఒక్కోసారి చదివితే వచ్చేదానికన్నా ఒక్క నవలను ఇలా చదివితే ఎక్కువ వస్తుంది. మీరు రాయాలనుకునేది క్రైమ్ కథే కానక్కర్లేదు.

1. పుస్తకం ఎంచుకోవడం

క్రైమ్ నవలలన్నీ ఒకే సంగతి నేర్పవు. స్థూలంగా మూడు రకాలు అనుకోవచ్చు. ఒకటి, హత్య ఎవరు చేశారన్నది చివరిదాకా దాచేది. రెండోది, ఎవరు చేశారో ముందే చెప్పేసి, ఎలా దొరుకుతాడన్నది చూపించేది. మూడోది థ్రిల్లర్, అంటే జరిగిపోయినదాని గురించి కాకుండా జరగబోయేదాని గురించి టెన్షన్ పెట్టేది. మొదటి రకంలో క్లూలు దాచే పద్ధతి, రెండో రకంలో సస్పెన్స్, మూడో రకంలో వేగం బాగా కనిపిస్తాయి. మొదలుపెట్టడానికి మొదటి రకమే మంచిది. అందులో సరిచూసుకోవడానికి జవాబు పుస్తకంలోనే ఉంటుంది.

250 పేజీలు మించని నవల తీసుకోండి. సినిమాగా చూసిన కథ వద్దు, ఎవరో ట్విస్ట్ చెప్పేసిన కథ అసలే వద్దు. ఏమీ తెలియకుండా చదివే అవకాశం ఒక నవలకు ఒక్కసారే దొరుకుతుంది. వెనక అట్ట మీద రాసింది కూడా చదవకండి. పెన్సిల్‌తో గీతలు పెట్టుకునేలా సొంత కాపీ ఉంటే మేలు. అరువు పుస్తకమైతే స్టికీ నోట్స్ చాలు.

నవలతో మొదలుపెట్టడం బరువనిపిస్తే ఒక కథతో ప్రయత్నించండి. ఆధునిక డిటెక్టివ్ కథకు ఆద్యుడిగా చాలామంది లెక్కవేసే ఎడ్గార్ ఎలన్ పో 1841లో రాసినది కథే. కథ అయితే ఒకే సాయంత్రం రెండుసార్లు చదవొచ్చు.

2. మొదటి పఠనం: అచ్చం పాఠకుడిలా

ఈసారి విశ్లేషణ జోలికి పోవద్దు. రాత్రి పొద్దుపోయేదాకా చదవాలనిపిస్తే చదవండి, ఒళ్లు గగుర్పొడిస్తే పొడవనివ్వండి. టెక్నిక్ చూద్దామని మొదటిసారే ఆగి ఆగి చదివితే ఆ టెక్నిక్ మీ మీద పనిచేయదు, అప్పుడు పరిశీలించడానికి ఏమీ మిగలదు.

చేయాల్సిన పని ఒక్కటే. అనుమానం మారినప్పుడల్లా పేజీ అంచున ఒక్క ముక్క రాసుకోండి. "42వ పేజీ: మేనల్లుడు. డబ్బు అవసరం ఉంది." "97: మేనల్లుడు కాదు, వంటమనిషి ఏదో దాస్తోంది." అంతే. మీ అనుమానం దానంతటది మారదు, రచయిత మారుస్తాడు. రేపు ఈ చీటీలే మీకు దారి చూపిస్తాయి. పుస్తకం పూర్తయ్యాక, "నాకు ముందే తెలుసు" అని మనసు అబద్ధం చెప్పకుండా కూడా ఇవి అడ్డుకుంటాయి.

డిటెక్టివ్ అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టినా, "ఇప్పుడు నాకంతా అర్థమైంది" అన్నా, అక్కడ పుస్తకం మూసి మీ జవాబు రాయండి. ఎవరు, ఎందుకు, ఎలా. ఎలరీ క్వీన్ పేరుతో రాసిన ఇద్దరు రచయితలు 1929లో వచ్చిన తమ మొదటి నవల నుంచే ఈ ఆట పాఠకులతో ఆడారు. ముగింపుకు ముందు కథ ఆపి, కావాల్సిన ఆధారాలన్నీ మీ దగ్గరున్నాయి, తేల్చండి అని సవాలు విసిరేవాళ్లు. మీ నవలలో సవాలు లేకపోయినా మీరే వేసుకోండి. జవాబు తప్పితే మరీ మంచిది. ఏ పేజీలో దారి తప్పారో వెతకడమే తర్వాతి పని.

3. దాచిన కథను వరసలో పెట్టడం

పుస్తకం ముగించిన మర్నాడు, మళ్లీ తెరవకముందే చేయాల్సిన పని ఇది. ఈ పద్ధతి మొత్తంలో అతి విలువైనది ఇదేనని నేననుకుంటాను. సగం మంది వదిలేసేది కూడా ఇదే.

డిటెక్టివ్ నవలలో రెండు కథలుంటాయని త్స్వెతాన్ తొడొరోవ్ అనే సాహిత్య విమర్శకుడు 1966లో రాశాడు. ఒకటి నేరం జరిగిన కథ, రెండోది ఆ నేరాన్ని కనుక్కునే కథ. మనం చదివేది రెండోది. మొదటిది దానికింద ముక్కలు ముక్కలుగా పడి ఉంటుంది. ఒక కాగితం తీసుకుని ఆ మొదటి కథను జరిగింది జరిగినట్టు, కాలక్రమంలో రాయండి. దాపరికం లేదు, ట్విస్ట్ లేదు, పోలీసు రిపోర్టులా ఉండాలి.

ఉదాహరణకు నేను కల్పించిన ఒక చిన్న కథ చూడండి. పెద్ద ఇల్లు, మామయ్య, అతని మేనల్లుడు, వంటమనిషి, ఇంటికి వచ్చిపోయే డాక్టరు. దాచిన కథ ఇది:

ఒకటి, మూడేళ్ల కిందట మామయ్య డబ్బును డాక్టరు రహస్యంగా వాడుకున్నాడు. రెండు, హత్యకు ముందురోజు ఆ సంగతి మామయ్యకు తెలిసింది. మూడు, రాత్రి తొమ్మిదిన్నరకు డాక్టరు ఎవరికీ కనబడకుండా వచ్చాడు. నాలుగు, పదింటికి హత్య చేశాడు. ఐదు, మామయ్య చేతిరాతను అనుకరిస్తూ, బతుకు మీద విరక్తి పుట్టినట్టు ఒక ఉత్తరం సగం రాసి బల్ల మీద వదిలాడు. ఆరు, గోడ గడియారం ముల్లు పన్నెండు దాటించి ఆపేశాడు. ఆ వేళకు అతను పదిమంది మధ్య ఉంటాడు.

ఇప్పుడు ఒక్కో అంకె పక్కన, పాఠకుడికి అది ఏ అధ్యాయంలో తెలిసిందో రాయండి. ఈ కథలో నాలుగోది మొదటి అధ్యాయంలోనే తెలుస్తుంది, చనిపోయాడన్నంత వరకే. ఐదు, ఆరు ఐదో అధ్యాయంలో కనిపిస్తాయి, కానీ తప్పుడు అర్థంతో. మూడోది పదకొండులో, రెండోది పదమూడులో, అన్నిటికన్నా ముందు జరిగిన ఒకటోది చిట్టచివరి అధ్యాయంలో. వరస దాదాపు తలకిందులైంది చూడండి. కారణం చివరికి పోయింది, ఫలితం ముందుకొచ్చింది. మీ నవలతో ఇలా చేస్తే వరస ఇంత శుభ్రంగా తిరగబడకపోవచ్చు. ఎక్కడ తిరగబడలేదో అక్కడ ఆగి చూడండి. ఏదైనా నిజాన్ని రచయిత తొందరగా చెప్పేశాడంటే దానికో అవసరం ఉంటుంది. పాఠకుడికి మధ్యలో కొంచెం గెలుపు రుచి చూపించాలనో, ఒక అనుమానితుణ్ని పక్కకు తప్పించాలనో, కథ చల్లబడుతున్నచోట వేడి పుట్టించాలనో.

ఈ కాగితం పుస్తకంలోనే పెట్టుకోండి. రెండో పఠనమంతా దీన్ని పక్కన పెట్టుకునే సాగాలి.

4. రెండో పఠనం: క్లూ ఎక్కడ దాక్కుంది

ఇప్పుడు నిజం తెలిసి చదువుతున్నారు. మొదటిసారి కళ్లు జారిపోయిన వాక్యాలు ఈసారి వెలుగుతూ కనిపిస్తాయి. ప్రతి క్లూ దగ్గరా ఒకే ప్రశ్న వేసుకోండి: దీన్ని నేను చూశాను, మరి ఎందుకు పట్టించుకోలేదు?

ఇందాకటి కథలోంచే ఒక ముక్క, మేనల్లుడు చెబుతున్నట్టు:

"మామయ్య గది ఎప్పటిలాగే ఉంది. బల్ల మీద సగం రాసిన ఉత్తరం, మూత పెట్టని పెన్ను, రెండు రోజుల నాటి పేపరు, మంచం కింద చెప్పులు, కిటికీ గూట్లో కళ్లజోడు, గోడ మీద ఆగిపోయిన గడియారం. పన్నెండు దాటి పది నిమిషాలు. దానివైపే చూస్తూ నిలబడ్డాను. అంతలో కింద ఎవరో పెద్దగా అరిచారు. పరుగెత్తాను. మెట్ల దగ్గర వంటమనిషి కూలబడి ఏడుస్తోంది."

ఇందులో క్లూ కళ్లజోడు. రెండో అధ్యాయంలో ఒక నవ్వులాట సన్నివేశం వచ్చింది. మామయ్య కళ్లజోడు లేకుండా చెక్కు మీద సంతకం చేయబోయి టేబుల్ గుడ్డ మీద చేస్తాడు, అందరూ పడీపడీ నవ్వుతారు. అది లేకుండా ఒక్క అక్షరం రాయలేని మనిషి ఉత్తరం బల్ల మీదుంటే, కళ్లజోడు కిటికీ గూట్లో ఎందుకుంది? ఉత్తరం రాసింది ఆయన కాదు.

ఇంత పెద్ద క్లూ ఎలా దాగింది? మొదట, అది రెండు ముక్కలై రెండు చోట్ల ఉంది. ఏ ముక్కా విడిగా ఏమీ చెప్పదు. రెండో అధ్యాయంలోని ముక్క నవ్వు వెనక దాక్కుంది. నవ్వించే సన్నివేశంలో సాక్ష్యం ఉంటుందని ఎవరూ అనుకోరు, మామయ్య స్వభావం చూపిస్తున్నారనే అనుకుంటారు. ఇక ఐదో అధ్యాయంలో, ఆరు వస్తువుల జాబితాలో కళ్లజోడు ఐదోది. జాబితాలో మనకు గుర్తుండేవి మొదటిదీ చివరిదీ. ఉత్తరానికీ కళ్లజోడుకీ మధ్య పెన్ను, పేపరు, చెప్పులు అడ్డం ఉన్నాయి, అందుకని ఆ రెంటినీ కలిపి చూడం. జాబితా అయీ అవగానే చెప్పేవాడు గడియారం వైపు చూస్తాడు, మన కళ్లూ అటే పోతాయి. దాని గురించి ఆలోచించేలోపే కింద అరుపు. సీన్ మారిపోయింది.

ఇంకొకటి ఉంది, అదే నాకు బాగా నచ్చేది. "ఎప్పటిలాగే ఉంది" అన్న మొదటి వాక్యం. అది నిజం కాదు, అలాగని రచయిత చెప్పిన అబద్ధమూ కాదు. మేనల్లుడి అభిప్రాయం. వాస్తవాల ముందు ఒక అభిప్రాయం పెట్టి, ఆ వాస్తవాలను ఎలా చదవాలో మనకు చెప్పేశారు. ఆగిపోయిన గడియారం పాత ట్రిక్కు, మిస్టరీలు అలవాటున్నవాళ్లు దాన్ని చూడగానే అనుమానిస్తారు. అనుమానించనివ్వండి. తెలివైన పాఠకుడి చూపు గడియారం దగ్గర ఇరుక్కుంటే కళ్లజోడు మరింత భద్రం.

మీ నవలలో దొరికిన ప్రతి క్లూకు ఇలాగే రాయండి: ఏ పేజీలో ఉంది, ఏ ముసుగు వేశారు, ఏ పేజీలో ముసుగు తీశారు. కొన్నాళ్లకు ముసుగులన్నీ కొన్ని రకాలేనని తెలిసిపోతుంది. జాబితా, నవ్వు, వెంటనే వచ్చే అలజడి, ఎవరూ నమ్మని పాత్ర నోట పలికించడం, ఒక చిన్న తప్పుగా చూపించడం, నిజాన్నే చెప్పి తప్పుడు కారణం జోడించడం.

వీటన్నిటికన్నా కష్టమైన ముసుగు, లేనిదాన్ని క్లూగా పెట్టడం. ఆర్థర్ కానన్ డాయల్ 1892లో ప్రచురించిన 'సిల్వర్ బ్లేజ్' కథలో పందెపు గుర్రం మాయమైన రాత్రి కాపలా కుక్క మొరగలేదు. వచ్చినవాడు దానికి తెలిసినవాడేనని షెర్లాక్ హోమ్స్ తేలుస్తాడు. జరగని పనిని పాఠకుడు చూడలేడు, కానీ జరగాల్సిందేమిటో తెలిస్తే లోటు పట్టుకోగలడు. అంటే రచయిత ముందుగా "మామూలుగా ఇక్కడ ఇలా జరుగుతుంది" అని నాటాలి. ఒక్క మాటా మాట్లాడకుండా భర్తకు భోజనం వడ్డించే భార్య, రోజూ గలగలా మాట్లాడే మనిషని ముందు పేజీల్లో తెలిస్తేనే ఆ మౌనం కథవుతుంది. ఇందులో నేరం ఊసే లేదు, టెక్నిక్ మాత్రం అదే.

క్లూలు చూపించడం మర్యాదగా మిగలలేదు, ఒక దశలో నియమంగానే మారింది. డిటెక్టివ్ కథలకు అమెరికన్ రచయిత ఎస్.ఎస్. వాన్ డైన్ 1928లో ఇరవై నియమాలు, క్యాథలిక్ ప్రీస్టు అయిన రోనాల్డ్ నాక్స్ 1929లో పది నియమాలు ప్రకటించారు. డిటెక్టివ్‌కు దొరికిన క్లూ పాఠకుడికీ వెంటనే తెలియాలన్నది వాటిలో గుండెకాయ. 1930లో లండన్‌లో ఏర్పడిన డిటెక్టివ్ రచయితల సంఘం డిటెక్షన్ క్లబ్, సభ్యుల చేత ఇలాంటి ప్రమాణమే చేయించేది. ఆ నియమాల్లో కొన్ని ఇప్పుడు నవ్వు తెప్పిస్తాయి. ఈ ఒక్కటి మాత్రం పట్టుకుని మీ నవలను పరీక్షించండి. ముగింపులో వాడిన ఏ సంగతైనా ముందు ఎక్కడా కనిపించలేదా? అయితే అక్కడ రచయిత మోసం చేశాడు. ఆ చోట మీకు కలిగిన చిరాకును గుర్తు పెట్టుకోండి, మీ కథల్లో పాఠకుడికి కలగకూడనిది అదే.

5. దొంగ క్లూలు

దీని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. అనుమానితులందరి జాబితా రాసి, ఒక్కొక్కరూ ఏం దాస్తున్నారో పక్కన రాయండి. మంచి నవలలో హంతకుడే కాదు, ప్రతి ఒక్కరూ ఏదో ఒకటి దాస్తారు. వంటమనిషి ఏడ్చింది హత్య వల్ల కాదు, ఆ రాత్రి తన కొడుకును దొంగచాటుగా ఇంట్లో పడుకోబెట్టింది కాబట్టి. తప్పుదారి పట్టించడానికి వేసిన క్లూకు దానిదైన నిజం ఉండాలి. చివర్లో అది విప్పినప్పుడు ఒక చిన్న కథ బయటపడాలి. అలా కాక, ఊరికే నల్లకోటు వేసుకుని చీకట్లో తచ్చాడిన మనిషి గురించి ఆఖరికి "అతను వేరే పని మీద వచ్చాడు" అని తేల్చేస్తే, అది చేతకానితనం.

6. ఎవరి కళ్లతో చూస్తున్నాం

అధ్యాయం మొదట్లోనే రాసుకోండి: ఇది ఎవరి చూపు? ఎవరి మనసులోకి వెళ్తున్నాం, ఎవరి మనసు గుమ్మం దగ్గరే ఆగిపోతున్నాం?

హోమ్స్‌కు వాట్సన్ ఉన్నట్టు, బెంగాలీ కథల డిటెక్టివ్ బ్యోమకేశ్ బక్షీకి స్నేహితుడు అజిత్ ఉన్నాడు. తెలుగులో కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ పక్కన అసిస్టెంట్ రాజు ఉంటాడు. పక్కనొక మనిషి ఉంటే డిటెక్టివ్ బుర్రలో ఏముందో చెప్పకుండానే అతను చేసే పనులన్నీ చూపించొచ్చు. ప్రశ్నలు అడగడానికీ, తప్పుగా అర్థం చేసుకోవడానికీ కూడా ఒకరు కావాలి. డిటెక్టివ్ మనసులోంచే కథ నడిపితే అతనికి తెలిసింది మనకు చెప్పకుండా దాటవేయడం మోసమవుతుంది. పక్కవాడి చూపుతో నడిపితే అది సహజమవుతుంది.

ఇంకా రెండు దారులు చూడండి. విల్కీ కాలిన్స్ 1868లో రాసిన 'ది మూన్‌స్టోన్' ఒకే వజ్రం దొంగతనాన్ని చాలామంది నోట చెప్పిస్తుంది. ప్రతివాళ్లూ తాము చూసినంతే చెప్తారు, తమ గొప్పలతో, తమ పిచ్చి నమ్మకాలతో కలిపి. డాషియల్ హామెట్ 1930 నాటి 'ది మాల్టీస్ ఫాల్కన్' దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఎవరి మనసులోకీ వెళ్లదు. చేతులు ఏం చేశాయి, ముఖం ఎలా మారింది, నోరు ఏమంది, అంతే. అందులో హీరో ఏమనుకుంటున్నాడో చివరిదాకా తెలియకపోవడమే అసలు మిస్టరీ. హామెట్ స్వయంగా పింకర్టన్ డిటెక్టివ్ ఏజెన్సీలో పనిచేసినవాడు, బయట కనిపించేదాన్ని చూసే అలవాటు అక్కడే అబ్బిందేమో.

అగాథా క్రిస్టీ 1926లో ప్రచురించిన 'ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్' ఈ సెక్షన్‌లో తప్పకుండా రావాల్సిన నవల. ఎందుకో చెప్తే మీ మొదటి పఠనం పాడవుతుంది. చదివి, ఆ వెంటనే మళ్లీ మొదటి పేజీకి వెళ్లండి.

ఈ మెట్టులో వేసుకోవాల్సిన ప్రశ్న మరొకటి: ఏ రెండు వాక్యాల మధ్య కాలం జారిపోయింది? "అతను వెళ్లిపోయాడు. అరగంట తర్వాత నేను కిందికి దిగాను." ఆ అరగంట ఏమైంది? పేరా మారినచోట, అధ్యాయం తెగినచోట ఆగి, చెప్పకుండా వదిలేసినదేమిటో అడగండి.

7. అధ్యాయాల పటం

ఒక్కో అధ్యాయానికి రెండే గడులు గీయండి. ఇక్కడ ఏ ప్రశ్న తెరుచుకుంది, ఏ ప్రశ్న మూసుకుంది? ఒక ప్రశ్నకు జవాబు దొరికే లోపే కనీసం ఇంకొకటి తెరుచుకోవడం గమనిస్తారు. మూసుకున్నవి మాత్రమే ఉన్న అధ్యాయం దగ్గర మీరు మొదటిసారి పుస్తకం పక్కన పెట్టి ఉంటారు, చూసుకోండి.

అధ్యాయం చివరి వాక్యాలు వరసగా ఒకచోట రాస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. తుపాకీ పేలడం, తలుపు తట్టడం లాంటి ముగింపులు మనం అనుకున్నంత ఎక్కువ ఉండవు. చాలా అధ్యాయాలు ఒక చిన్న మాట దగ్గర, ఎవరో ఒక నిర్ణయం తీసుకున్నచోట ఆగుతాయి. ప్రతి అధ్యాయాన్నీ తుపాకీతో ముగించే నవల నాలుగో అధ్యాయానికే పాఠకుణ్ని మొద్దుబారుస్తుంది.

8. రెండో నవల: హంతకుడు ముందే తెలిసినది

మొదటి నవలతో పని అయ్యాక రెండో రకం తీసుకోండి. ఇక్కడ నేర్చుకునేది సస్పెన్స్. సినిమా దర్శకుడు ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్, ఫ్రెంచ్ దర్శకుడు ఫ్రాన్స్వా త్రూఫోతో మాట్లాడుతూ ఈ తేడా తేల్చి చెప్పాడు. బల్ల కింద బాంబుంది, ఎవరికీ తెలియదు, హఠాత్తుగా పేలింది. ప్రేక్షకుడు పదిహేను సెకన్లు ఉలిక్కిపడతాడు. అదే బాంబు ఉందని ప్రేక్షకుడికి ముందే తెలిసి, బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లకు తెలియక కబుర్లు చెప్పుకుంటుంటే పదిహేను నిమిషాలు ఊపిరి బిగబడతాడు.

పుస్తకాల్లో ఈ మలుపు అంతకు చాలాముందే వచ్చింది. ఆర్. ఆస్టిన్ ఫ్రీమన్ 1912లో తెచ్చిన 'ది సింగింగ్ బోన్' సంపుటిలో కథ మొదటి సగంలో నేరం ఎలా జరిగిందో చూపించి, రెండో సగంలో పరిశోధన చూపిస్తాడు. డిటెక్షన్ క్లబ్ పెట్టినవాళ్లలో ముఖ్యుడైన ఆంథొనీ బర్క్‌లీ, 1931లో ఫ్రాన్సిస్ ఐల్స్ అనే మారుపేరుతో 'మ్యాలిస్ అఫోర్‌థాట్' రాశాడు. ఒక డాక్టరు భార్యను చంపాలని నిశ్చయించుకున్నాడని మొదటి వాక్యంలోనే తెలిసిపోతుంది. ప్యాట్రీషియా హైస్మిత్ 1955 నాటి 'ది టాలెంటెడ్ మిస్టర్ రిప్లీ' ఇంకో అడుగు ముందుకేసింది. హంతకుడు దొరక్కూడదని మనమే కోరుకుంటాం, ఆ కోరిక గమనించి మనకే ఇబ్బందిగా ఉంటుంది.

ఇలాంటి నవలలో పెన్సిల్‌తో గుర్తుపెట్టాల్సింది ఒక్కటే: మీకు తెలిసింది, పక్క పాత్రకు తెలియనిది. ఆ తేడా ఎక్కడ ఎక్కువైతే అక్కడే టెన్షన్ పెరుగుతుంది. ఒక కుటుంబ కథలో కొడుకు ఉద్యోగం పోయిందని పాఠకుడికి తెలిసి తండ్రికి తెలియకపోతే, తండ్రి మామూలుగా అడిగే "ఆఫీసు ఎలా ఉందిరా" అన్న ప్రశ్న కూడా బల్ల కింది బాంబే.

9. ప్రశ్న, జవాబు, తప్పించుకోవడం

విచారణ సన్నివేశాలు సంభాషణ రాయడానికి మంచి బడి. ఒక విచారణ తీసుకుని వర్ణనలన్నీ తీసేసి మాటలు మాత్రం చేత్తో రాసుకోండి. ప్రతి జవాబు పక్కనా గుర్తు పెట్టండి: అడిగినదానికే చెప్పారా, వేరేదానికి చెప్పారా, ఎదురు ప్రశ్న వేశారా, అడగనిది కూడా చెప్పారా? "రాత్రి పదింటికి ఎక్కడున్నారు?" అంటే, "ఆ ఇంటికి నేను వెళ్లి నెల దాటింది" అనడం జవాబులా వినిపిస్తుంది, కానీ జవాబు కాదు. అబద్ధం చెప్పే పాత్ర సాధారణంగా అబద్ధం ఆడదు, పనికొచ్చే నిజాన్ని ఎంచుకుంటుంది. దీన్ని ఒకసారి పట్టుకున్నాక భార్యాభర్తల గొడవ రాసినా, అప్పు అడిగే సన్నివేశం రాసినా మీ సంభాషణ మారిపోతుంది.

10. ముగింపును తూకం వేయడం

నిజం బయటపడే సన్నివేశం మొదలైన పేజీ నుంచి చివరి పేజీ దాకా లెక్కపెట్టండి. అందులో పాత సంగతులకు కొత్త అర్థం చెప్పినవెన్ని, అప్పటికప్పుడు తెచ్చినవెన్ని? మంచి ముగింపులో కొత్త సమాచారం చాలా తక్కువ ఉంటుంది. ఉపన్యాసంలా సాగితే దాన్ని రచయిత ఎలా విరిచాడో చూడండి. ఎవరో అడ్డుపడతారు, ఎవరో లేచి వెళ్లిపోతారు, హంతకుడు ఒప్పుకోకుండా వాదిస్తాడు.

తర్వాత పజిల్‌ను పక్కన పెట్టి కారణం చూడండి. రేమండ్ చాండ్లర్ 1944లో రాసిన 'ది సింపుల్ ఆర్ట్ ఆఫ్ మర్డర్' వ్యాసంలో తెలివితేటల ఆటగా మారిన హత్య కథలను ఉతికి ఆరేశాడు. మనుషులు నిజంగా చంపే కారణాలున్న కథలు కావాలన్నాడు. అన్ని విషయాల్లో ఆయనతో ఏకీభవించనక్కర్లేదు, పజిల్‌కు దాని అందం దానికుంది. అయినా హంతకుడి కారణం చదివాక "ఈ మనిషి ఇలా చేస్తాడు" అనిపించిందా, లేక "కథకు అవసరం కాబట్టి చేశాడు" అనిపించిందా అన్నది రాసిపెట్టుకోండి.

11. చేత్తో చేసి చూడటం

చదివి వదిలేస్తే వారంలో ఆవిరైపోతుంది. మూడు అభ్యాసాలు చేయండి.

మీ నవలలో ఒక సన్నివేశం తీసుకుని హంతకుడి చూపుతో మళ్లీ రాయండి. అందరూ భోజనం చేస్తున్న సన్నివేశమైతే మరీ మంచిది. పైకి ఒక్క మాట కూడా మారకూడదు, లోపల మాత్రం అతని భయం, లెక్కలు నడవాలి. అసలు రచయిత అతని ప్రతి మాటనూ రెండు అర్థాలు వచ్చేలా ఎంత జాగ్రత్తగా రాశాడో అప్పుడు తెలుస్తుంది.

రెండోది, ఒక క్లూ పేరాను కావాలని పాడుచేయండి. కళ్లజోడును జాబితా చివరికి తెచ్చి, ఆ అరుపు తీసేసి, గడియారం తీసేసి చదవండి. పసిపిల్లాడికి కూడా తెలిసిపోతుంది. ఒక్కో ముసుగును వెనక్కి పెడుతూ పోతే దేని బలం ఎంతో చేతికి తెలుస్తుంది.

మూడోది, రెండు పేజీల సొంత కథ. హత్య వద్దు. ఇంట్లో ఒకరికి ఒక రహస్యం ఉంది, దాన్ని చెప్పే వస్తువు ఒకటి మొదటి పేజీలో కనిపించాలి, దాని అర్థం రెండో పేజీలో తెలియాలి. ముందు దాచిన కథను కాలక్రమంలో నాలుగు వాక్యాల్లో రాసుకుని, ఆ తర్వాతే కథ మొదలుపెట్టండి.

రాశాక, దాని గురించి ఏమీ తెలియని ఇద్దరికి మొదటి పేజీ మాత్రమే ఇవ్వండి. బాగుందా అని అడగొద్దు. పేజీ తిరిగి తీసుకుని, అందులో ఏయే వస్తువులున్నాయో చెప్పమనండి. మీ వస్తువు పేరు ఇద్దరూ ముందే చెప్పేస్తే అది మరీ పైకి తేలింది, దాని పక్కన ఇంకేదో అలజడి కావాలి. ఇద్దరికీ అసలు గుర్తే లేకపోతే రెండో పేజీలో దెబ్బ తగలదు, దాన్ని మరొక్కసారి, వేరే సందర్భంలో కనిపించనివ్వండి. కాసేపు ఆలోచించి, "ఆ, అదీ ఉంది కదూ" అన్నారంటే రెండో పేజీ ఇవ్వండి.